పీతల లైనింగు

బెర్గెన్‌లో వాన గురించి ఎవరూ మాట్లాడుకోరు.
పడని రోజైతే రెండు మాటలు.
అక్టోబరు చీకట్లో, వంటింటి బల్ల మీద
రెండున్నర మీటర్ల బూడిదరంగు ఉన్ని పరిచి
చాక్‌పీసు పట్టుకుని నిలుచున్నాను.
తోర్‌లైఫ్‌ని, ఫెర్రీ ఇంజన్ల మెకానిక్‌ని, యాభై నాలుగేళ్ళవాణ్ణి.
అంతకుముందు కుట్టినవి: ఒక సంచీ, రెండు దిండు గలీబులు,
ఎవరికీ చూపించని ఒక పైజామా.

కత్తెర పెట్టడానికి మూడు రాత్రులు పట్టింది.
ఇంజను తప్పు బిగిస్తే విప్పుకోవచ్చు.
కోసిన బట్ట
నోరు జారిన మాట.

జిగురు గుడ్డని తడిబట్ట కింద ఇస్త్రీ పెట్టి అతికిస్తుంటే
ఇల్లంతా తడిసిన గొర్రె వాసన.
పిల్లి వచ్చి కాలరు ముక్క మీద పడుకుంది.
దాన్ని లేపడానికి మనసొప్పక
ఆ పూటకి పని ఆపేశాను.

కోటు చేతుల దగ్గర నిజంగానే ఆగిపోయాను.
చేయి పైఅంచు నలభై తొమ్మిది సెంటీమీటర్లు,
అది కూర్చోవాల్సిన చంక గుంట నలభై ఆరు.
రెండుసార్లు కొలిచాను. టేపు మార్చి కొలిచాను.
మూడు సెంటీమీటర్ల తేడాతో
ఏ పిస్టనూ ఏ సిలిండరులోకీ దూరదు.

కింద అంతస్తులో గూడ్నీ ఉంటుంది, ఎనభై ఒక్కేళ్ళు,
ఒకప్పుడు నాటకశాల దుస్తుల గదిలో పనిచేసిన మనిషి.
నా లెక్క చూసింది. తప్పు లేదంది.
"ఆ మూడూ నువ్వు చెయ్యెత్తుకోడానికి.
బొమ్మకైతే అక్కర్లేదు."
రెండు వరసల కచ్చా కుట్టు వేసి, దారం లాగి,
ఆవిరి పట్టి, వేళ్ళతో బుజ్జగిస్తూ
ఆ మిగులుని ఉన్నిలోకే ఇంకించింది.
ఒక్క ముడత లేదు. ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలియదు.
ఇనుము నా మాట అలా ఎప్పుడూ వినలేదు.

లైనింగు మాత్రం నేనే ఎంచుకున్నాను:
ఆవపువ్వు పసుపు, మీద చిన్న చిన్న ఎర్ర పీతలు.
సగం ధరకి ఇచ్చారు. ఎందుకని అడగలేదు.
పై బట్ట కొలతకే కోయబోతే
గూడ్నీ నా మణికట్టు పట్టుకుంది.
వీపు మధ్యన నిలువునా రెండు వేళ్ళ మడత వదలమంది.
"లోపల, బయటికంటే కాస్త ఎక్కువుండాలి.
సరిసమానంగా కోశావా,
మొదటిసారి తాడు అందుకున్నప్పుడే చిరుగుతుంది.
నీకు వినపడుతుంది కూడా."

ఆ తర్వాత అంతా తలకిందులు.
మంచి వైపూ మంచి వైపూ ఎదురెదురుగా,
చెడ్డ వైపు నా మొహానికి.
చుట్టూ కుట్టేసి, ఎడమ చేతి లైనింగులో వదిలిన
జానెడు సందులోంచి కోటు మొత్తం బయటికి లాగాలి,
వలని పడవ కిటికీలోంచి లాగినట్టు.
భుజం ఇరుక్కుంది. జేబు మూత ఒకటి తొంగి చూసింది.
ఇంకొంచెం.
ఉన్నట్టుండి నా చేతుల్లో కోటు!
గదిలో ఎవరూ లేరు, అయినా "చూశావా" అన్నాను.

కుడి చేయి తొడిగాను, వేళ్ళు బయటికొచ్చాయి.
ఎడమ చేయి మోచేతి దగ్గర
పీతల మధ్య నిలిచిపోయింది.
లైనింగు ఒక చుట్టు మెలి తిరిగి కుట్టుకుపోయింది.
అటు పోదు, ఇటు రాదు.
సగం కోటుతో అలాగే మెట్లు దిగాను.
గూడ్నీ తలుపు తీసి, గోడ పట్టుకుని నవ్వింది.
ఒకప్పుడు ఒక రాజుగారికి తనూ ఇదే చేసిందట,
తెర లేచాక తెలిసిందట,
ఆ రాత్రి ఆయన ఒంటిచేత్తోనే యుద్ధం గెలిచాడట.

విప్పడానికి ఒక సాయంత్రం, మళ్ళీ కుట్టడానికి ఒకటి.
చివరి సందుని చేత్తో మూశాను.
దారి తప్పిన చీమల్లా ఉన్నాయి నా కుట్లు.

సోమవారం పొద్దున రేవులో
సరంగు ఐవిన్డ్ బొత్తాల గురించి మాత్రం అడిగాడు.
కొమ్ము బొత్తాలన్నాను. బరువేమో అన్నాడు.
తాడు విసిరాడు. చేతులెత్తి అందుకున్నాను.
వీపు మీద, ఎవరికీ కనపడని చోట,
మడత విచ్చుకుంది, పీతలు కాస్త పక్కకి జరిగాయి.
చెవి ఒగ్గి విన్నాను. వాన చప్పుడే.

కాలరు లోపల ఎక్కడో ఒక గుండుసూది మిగిలిపోయింది.
తల వంచినప్పుడల్లా చెబుతుంది.
దానికోసం మళ్ళీ విప్పమంటే
విప్పను.